నమ్మకం వేరు, తృప్తి వేరు: ఆసుపత్రి రోగుల అభిప్రాయంపై అరవై ఏళ్ల చర్చ

ఆసుపత్రిలో చేరిన మనిషి అక్కడి డాక్టర్లను, నర్సులను ఎంతవరకు నమ్ముతున్నాడు, అందిన చికిత్సతో ఎంతవరకు తృప్తి పడుతున్నాడు అనే రెండు ప్రశ్నలు వైద్య పరిశోధనలో చాలాకాలంగా జంటగానే వినిపిస్తున్నాయి. నర్సింగ్ కళాశాలల్లోను, ఆసుపత్రి నిర్వహణ కోర్సుల్లోను, విశ్వవిద్యాలయాల సాంఘికశాస్త్ర విభాగాల్లోను ఈ అంశం మీద వెలువడే సిద్ధాంత గ్రంథాల్లో చాలావాటికి ఒకే మూస ఉంటుంది: ప్రశ్నావళిలో సగం నమ్మకానికి, సగం తృప్తికి కేటాయించి, ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుందని తేల్చి ముగిస్తారు. ఆ నిర్ధారణ తప్పు కాకపోవచ్చు గాని, దానివల్ల కొత్తగా తెలిసేది తక్కువ. పైగా రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల అసలు చర్చ చిక్కుపడింది.

ఆ చిక్కును విప్పి చూడడానికి హైదరాబాదులోని తార్నాక పరిసరాలు అనువైన చోటు. ఒకపక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరోపక్క జాతీయ పోషకాహార సంస్థ, నడుమ ఆర్టీసీ ఆసుపత్రి, కూతవేటు దూరంలో లాలాగూడ రైల్వే ఆసుపత్రి, పెద్ద జబ్బు చేస్తే గాంధీ ఆసుపత్రి, చేతిలో డబ్బో బీమా కార్డో ఉంటే ప్రైవేటు ఆసుపత్రులు. రోగికీ వైద్య సిబ్బందికీ మధ్య ఎన్ని రకాల సంబంధాలు ఉండగలవో అన్నీ ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ సంబంధాలను ప్రశ్నించిన ఆలోచనాపరులు కూడా కొందరు ఈ ప్రాంతం నుంచే వచ్చారు.

నిజాం దవాఖానా నుంచి ఆరోగ్యశ్రీ కార్డు దాకా

హైదరాబాదులో పాశ్చాత్య వైద్య విద్య 1846లో ఉర్దూ మాధ్యమంగా మొదలైంది. 1888లోను, 1889లోను నిజాం ప్రభుత్వం నియమించిన క్లోరోఫాం కమిషన్లు మత్తుమందు ప్రమాదాన్ని పరీక్షించి ప్రపంచ వైద్య పత్రికల్లో చర్చ రేపాయి. 1908 మూసీ వరద తరువాత, విన్సెంట్ ఎష్ రూపకల్పనలో, అఫ్జల్‌గంజ్ దగ్గర ఉస్మానియా ఆసుపత్రి భవనం లేచింది. ఈ దశలో ఆసుపత్రి అంటే పాలకుడి దాతృత్వం. దానం పుచ్చుకున్నవారిని తృప్తిగా ఉందా అని అడిగే ఆచారం ఎక్కడా లేదు గనుక, రోగి అభిప్రాయం అనే ఊహే అప్పటికి పుట్టలేదు. అయితే 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక శాస్త్రాలను, వైద్యంతో సహా, ఉర్దూలో బోధించడం వల్ల డాక్టరు చదివిన భాషా నగరంలోని రోగి మాట్లాడే భాషా కొంతకాలం ఒకటయ్యాయి. తెలుగు పల్లెల నుంచి వచ్చే రోగికి ఆ సౌకర్యం అప్పుడూ లేదు, బోధన ఇంగ్లీషులోకి మారిన తరువాతా రాలేదు.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వ వైద్యం హక్కు అన్న భావన కాగితం మీద బలపడింది. 1953లో నిలోఫర్ ఆసుపత్రి వచ్చింది. జిల్లా, ఏరియా ఆసుపత్రుల నిర్వహణ కోసం 1986లో వైద్య విధాన పరిషత్తు ఏర్పడింది. ఆ వెంటనే, 1988లో, జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి ప్రారంభమై కార్పొరేట్ వైద్యానికి దారి వేసింది. రోగి ఒక్కసారిగా ఖాతాదారు అయ్యాడు. ఖాతాదారుకు తృప్తి ముఖ్యం గనుక, డిశ్చార్జి రోజున బిల్లుతో పాటు అభిప్రాయ పత్రం చేతికివ్వడం అలవాటైంది. ప్రభుత్వ, ప్రైవేటు రంగాల మధ్య గీతను చెరిపేసింది మాత్రం 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి ఖరీదైన శస్త్రచికిత్సలు ప్రైవేటు ఆసుపత్రిలోనూ ఉచితంగా జరిగే ఏర్పాటు అది. డబ్బు చెల్లించేది ప్రభుత్వం, చికిత్స చేసేది ఆసుపత్రి, ఇద్దరి మధ్యా రోగికి దారి చూపేది ఆరోగ్యమిత్ర. మొదట ఏడాదికి 2 లక్షల రూపాయల వరకు ఉన్న పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. దాతృత్వం, హక్కు, కొనుగోలు, పథకం అనే నాలుగు దశలూ ఒకదాని తరువాత ఒకటి వచ్చాయే గాని ఒకదాన్ని ఒకటి తొలగించలేదు. ఇప్పటి రోగి మనసులో నాలుగూ కలిసే ఉంటాయి, అభిప్రాయ సేకరణకు ఎదురయ్యే మొదటి ఇబ్బంది అదే.

తృప్తిని కొలిచినవారు

వైద్య నాణ్యతను ఎలా అంచనా వేయాలన్న ప్రశ్నకు 1966లో అవెడిస్ డొనబెడియన్ ఇచ్చిన సమాధానం నేటికీ పునాదిగా ఉంది. ఆసుపత్రికి ఉన్న వసతులు, సిబ్బంది ఒక అంశం. వారు చేసే పని తీరు రెండో అంశం. రోగికి చివరికి దక్కిన ఫలితం మూడోది. రోగి తృప్తిని ఆయన మూడో అంశంలో భాగంగా చూశారు. 1970లలో జాన్ వేర్ బృందం తృప్తిని కొలిచే ప్రామాణిక ప్రశ్నావళిని తయారుచేసింది. 1980లలో పరశురామన్, జైథామల్, బెర్రీ అనే మార్కెటింగ్ పండితులు సేవల నాణ్యతను కొలిచే పద్ధతి ఒకటి రూపొందించారు. పైకి కనిపించే వసతి, మాట మీద నిలబడడం, వెంటనే స్పందించడం, భరోసా కలిగించడం, తాదాత్మ్యం అనే ఐదు కోణాల్లో ఆశించినదానికీ అందినదానికీ మధ్య తేడాను అది లెక్కిస్తుంది. బ్యాంకులకూ మరమ్మతు సేవలకూ వాడిన ఆ కొలబద్దే నిర్వహణ శాస్త్ర విభాగాల ద్వారా భారతీయ ఆసుపత్రుల్లోకి వచ్చింది. ఇక్కడి పరిస్థితులకు తగిన కొలమానం కోసం జరిగిన ప్రయత్నాల్లో ఉత్తరప్రదేశ్‌లోని ప్రభుత్వ వైద్యకేంద్రాల ఆధారంగా కృష్ణ రావు, పీటర్స్, బాండీన్-రోష్ 2006లో ప్రచురించిన పదహారు ప్రశ్నల స్కేలు చెప్పుకోదగ్గది. మందుల లభ్యతను విడిగా ఒక కోణంగా పెట్టడంలోనే ఆ కొలమానం మన నేల మీద పుట్టిందని తెలిసిపోతుంది.

ఈ సంప్రదాయానికి ఎదురైన విమర్శ గట్టిది. ఎక్కడ అడిగినా, ఎవరిని అడిగినా, తృప్తి శాతాలు అనుమానం కలిగేంత ఎక్కువగా వస్తాయి. బ్రయాన్ విలియమ్స్ 1994లో ఈ భావన చెల్లుబాటునే ప్రశ్నించాడు. 1998లో సహచరులతో కలిసి ప్రచురించిన పరిశోధనలో ఆ శాతాలు అంత ఎక్కువగా రావడానికి కారణాన్ని కొంత పట్టుకున్నాడు. చేదు అనుభవం ఎదురైనా, అది ఆసుపత్రి బాధ్యత కాదనో, బాధ్యతే అయినా వాళ్ల చేతుల్లో లేని కారణం వల్ల జరిగిందనో రోగి అనుకుంటే, తృప్తిగా ఉందనే చెబుతాడు. ఆ సూత్రీకరణ బ్రిటన్‌లో పుట్టింది గాని, హైదరాబాదు ప్రభుత్వ ఆసుపత్రి వార్డుకు అచ్చంగా సరిపోతుంది. తెల్లవారకముందే ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడి, స్ట్రెచర్ దొరక్క రోగిని తామే మోసుకుని, మంచం ఖాళీ లేక రెండు మంచాల మధ్య నేల మీద చాప పరుచుకున్న కుటుంబం కూడా, ఇంతమంది జనంలో వాళ్లు మాత్రం ఏం చేస్తారని సమాధానపడుతుంది. ఆ సమాధానపాటును ప్రశ్నావళి "తృప్తి"గా నమోదు చేస్తుంది. అడిగేది తెల్లకోటు వేసుకున్న విద్యార్థిని, అడిగే చోటు వార్డు, అడిగే సమయం ఇంకా చికిత్స పూర్తి కాని రోజు అయినప్పుడు వేరే జవాబు ఆశించడమే అమాయకత్వం.

అందుకే 1990ల నుంచి మరో ధోరణి బలపడింది. తృప్తిగా ఉందా అని అడగకుండా, ఏం జరిగిందో అడగాలని పికర్ సంస్థ వంటివి వాదించాయి: మందు ఎందుకిస్తున్నారో చెప్పారా, పిలిచినప్పుడు నర్సు ఎంతసేపటికి వచ్చింది, ఇంటికి వెళ్లాక ఏం చేయాలో వివరించారా. అమెరికా ప్రభుత్వం 2008 నుంచి ఆసుపత్రుల వారీగా ఈ అనుభవ సర్వే ఫలితాలను బహిరంగపరుస్తోంది. భారత ప్రభుత్వం 2016లో ప్రారంభించిన "మేరా అస్పతాల్" ఫోను కాల్, సందేశం ద్వారా, అంటే వార్డు బయట, రోగిని పలకరిస్తుంది గనుక పద్ధతి రీత్యా ఒక మెట్టు పైనే ఉంది. అయితే ఫోను నంబరు నమోదు కానివారు, అది అటెండెంటు నంబరైనవారు ఆ లెక్కలో ఎక్కడికి పోతారన్నది వేరే సంగతి.

తృప్తివాదులను ఎక్కువ ఇరకాటంలో పెట్టింది 2012లో అమెరికాలో ఫెంటన్ బృందం ప్రచురించిన అధ్యయనం. ఎక్కువ తృప్తి వ్యక్తం చేసినవారే ఎక్కువ మందులు వాడారని, ఎక్కువ ఖర్చు పెట్టారని, వారిలో మరణాలు కూడా ఎక్కువని అందులో తేలింది. కారణ సంబంధం మీద వివాదం ఉంది. ఇతర అధ్యయనాలు దీనికి భిన్నమైన ఫలితాలూ ఇచ్చాయి. అయినా, అడిగిన ఇంజెక్షనల్లా ఇచ్చి, సెలైను ఎక్కించి పంపే డాక్టరే మంచి డాక్టరన్న పేరు ఎలా తెచ్చుకుంటాడో తెలిసిన తెలుగు పాఠకుడికి ఆ ఫలితం పెద్దగా ఆశ్చర్యం కలిగించదు.

నమ్మకాన్ని వేరుగా చూసినవారు

తృప్తి అనేది జరిగిపోయినదాని మీద ఇచ్చే తీర్పు. నమ్మకం జరగబోయేదాన్ని మరొకరి చేతుల్లో పెట్టే నిర్ణయం. రెండోదానిలో అపాయం ఉంది, నిస్సహాయత ఉంది. సామాజికశాస్త్రంలో టాల్కాట్ పార్సన్స్ 1951లోను, అర్థశాస్త్రంలో కెనెత్ ఆరో 1963లోను వేర్వేరు దారుల్లో ఇక్కడికే వచ్చారు: వైద్యుడికి తెలిసినది రోగికి తెలియదు గనుక, ఆ తేడాను పూడ్చేది నమ్మకం తప్ప మరొకటి లేదు. 1990లో ఆండర్సన్, డెడ్రిక్ వైద్యుడి మీద నమ్మకాన్ని కొలిచే పదకొండు వాక్యాల స్కేలును ప్రచురించారు. 2001లో మార్క్ హాల్ బృందం రోగి మేలునే కోరడం, సామర్థ్యం, నిజాయితీ, గోప్యత, వీటన్నిటినీ కలిపిన సమగ్ర విశ్వాసం అని నమ్మకాన్ని విడదీసి చూపింది.

ఈ విభజన అమెరికాలో పుట్టింది. తమిళనాడులో విజయప్రసాద్ గోపీచంద్రన్, సతీశ్ చెట్లపల్లి 2013లో ప్రచురించిన పరిశోధన చూస్తే దక్షిణ భారతంలో పటం ఎంత వేరుగా ఉంటుందో తెలుస్తుంది. డబ్బున్నా లేకున్నా, పగలైనా రాత్రైనా చూస్తాడన్న భరోసా, లోటుపాట్లకు సర్దుకుపోయే సంసిద్ధత, ఒకే డాక్టరును అంటిపెట్టుకోవడం, డాక్టరంటే ఉన్న గౌరవం అక్కడ నమ్మకంలో భాగాలుగా బయటపడ్డాయి. గోప్యతకు అంత ప్రాముఖ్యం కనిపించలేదు. తెలుగువారు ఒక డాక్టరు హస్తవాసి మంచిదని చెప్పుకునేటప్పుడు వినిపించేది కూడా ఈ వ్యక్తిగత నమ్మకమే. అది మనిషిని వదిలి సంస్థకు అంత తేలికగా మారదు. ఆ డాక్టరు ఆసుపత్రి మారితే రోగులు ఆయన వెంటే వెళ్తారు గాని, ఆ కుర్చీలో కూర్చున్న కొత్త డాక్టరు దగ్గర ఉండిపోరు.

సంస్థ మీద నమ్మకం గురించి ఎక్కువగా ఆలోచించినది దక్షిణాఫ్రికా పండితురాలు లూసీ గిల్సన్. 2003లో వెలువడిన ఆమె వ్యాసం ఆరోగ్య వ్యవస్థను మందులు, భవనాలు, బడ్జెట్ల సముదాయంగా కాక సంబంధాల అల్లికగా చూడాలని, తమను నియమించిన వ్యవస్థ మీద సిబ్బందికే నమ్మకం లేనప్పుడు వారి మీద రోగికి నమ్మకం కలగదని వాదించింది. కాంట్రాక్టు నర్సుల, అవుట్‌సోర్సింగ్ సిబ్బంది జీతాలు నెలల తరబడి ఆగినప్పుడు వార్డులో మాట తీరు ఎలా మారుతుందో గమనించినవారికి ఇది పుస్తకాల మాటగా తోచదు.

నమ్మకం వల్ల రోగం నయమవుతుందా? 2017లో బిర్క్‌హాయర్ బృందం 47 అధ్యయనాలను క్రోడీకరించి చూసినప్పుడు, నమ్మకం ఉన్న రోగుల్లో తృప్తి, తమకు తోచిన ఆరోగ్యస్థితి, మంచి అలవాట్లు మెరుగ్గా కనిపించాయి గాని, పరీక్షల్లో తేలే ఫలితాలతోను, వైద్యుడు వేసే అంచనాతోను సంబంధం రుజువు కాలేదు. నమ్మకవాదులు ఈ ఫలితంలో మొదటి సగాన్నే ఎక్కువగా ఉటంకిస్తారు.

అనుమానించే హక్కు

పై రెండు వర్గాలకూ ఒక విషయంలో పోలిక ఉంది: నమ్మకం, తృప్తి పెరగడం మంచిదేనని రెండూ ముందే ఒప్పుకుంటాయి. మూడో వర్గం అక్కడే అడ్డు తగులుతుంది. నమ్మదగినదాన్ని నమ్మడమే మంచిది, నమ్మరానిదాన్ని అనుమానించడం ఆరోగ్యకరం అన్న ఈ వాదాన్ని తత్వవేత్త ఒనోరా ఓనీల్ 2002 నాటి రేడియో ఉపన్యాసాల్లో స్పష్టంగా చెప్పింది. హైదరాబాదులో మాత్రం అంతకు చాలా ముందే, తత్వశాస్త్రం సాయం లేకుండానే, అది ఉద్యమ రూపంలో వచ్చింది.

1985లో హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి మహిళలను సమీకరించారు. అది ప్రయోగమని గాని, దాని దుష్ఫలితాలు ఇవని గాని వారికి సరిగా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం కార్యకర్తలు బయటపెట్టారు. విషయం తెలిశాక చాలామంది వెనక్కి తగ్గారు. మరుసటి ఏడాది ఆ సంఘం, మరికొన్ని మహిళా సంఘాలు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ప్రభుత్వ డాక్టరమ్మ చెప్పింది గనుక మంచిదే అయి ఉంటుందని ఆ మహిళలు అనుకున్నారు. అంటే నమ్మకం ఉన్నందువల్లే వారు అపాయంలో పడ్డారు. సరిగ్గా అదే కథ 2009లో ఖమ్మం జిల్లాలో మళ్లీ నడిచింది. మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకా వేశారు. గిరిజన వసతిగృహాల్లో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు అనుమతి పత్రాల మీద సంతకాలు చేసినట్టు బయటపడింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చినా, అనుమతి తీసుకున్న తీరు మీద విమర్శ నిలిచే ఉంది. టీకా శాస్త్రీయంగా మంచిదై ఉండవచ్చు. దాన్ని వేసిన పద్ధతి ఆ టీకా మీది నమ్మకాన్నే ఏళ్లపాటు వెనక్కి నెట్టింది.

1985లో హైదరాబాదులో మొదలైన అన్వేషి మహిళా పరిశోధన కేంద్రం ఈ ఆలోచనను పరిశోధనగా మలిచింది. తార్నాకలోని పోషకాహార సంస్థలో శాస్త్రవేత్తగా పనిచేసిన వీణా శత్రుఘ్న ఇందులో ముఖ్యురాలు. స్త్రీల ఆరోగ్యం మీద "సవాలక్ష సందేహాలు" అనే తెలుగు పుస్తకం ఈ కృషిలో భాగంగానే వచ్చింది. సందేహం అడగడం రోగి చేసే తప్పు కాదని ఆ పేరే చెబుతుంది. 2011లో రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ ఆరోగ్యశ్రీ వల్ల ప్రజాధనం ప్రైవేటు ఆసుపత్రుల వైపు మళ్లుతోందని విమర్శించారు. ఆరోగ్యశ్రీ ద్వారా గుండె ఆపరేషను చేయించుకున్న కుటుంబం పథకాన్ని చేతులెత్తి మొక్కుతుంది, ప్రభుత్వ ఆసుపత్రి ఆ మేరకు బక్కచిక్కుతుంది. వ్యక్తి తృప్తికీ వ్యవస్థ క్షేమానికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని తృప్తి సర్వేలు పట్టుకోలేవు.

న్యాయస్థానాలు ఇదే వర్గానికి బలం చేకూర్చాయి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. రోగ నిర్ధారణ కోసం ఇచ్చిన అనుమతి చికిత్సకు అనుమతి కాదని 2008లో చెప్పింది. 1990లో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో జరిగిన శస్త్రచికిత్స తరువాత కాళ్లు చచ్చుపడిన యువకుడి కేసులో ఆ సూత్రాన్నే వర్తింపజేసి 2009లో కోటి రూపాయల పరిహారం ఇప్పించింది. రోగుల హక్కుల పట్టికను జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించింది. ఈ తీర్పుల వల్ల డాక్టర్లు భయపడి అవసరం లేని పరీక్షలు రాస్తున్నారని, అది నమ్మకాన్ని ఇంకా తగ్గిస్తోందని వైద్యసంఘాల వాదన. ఆ వాదనను కొట్టిపారేయలేం; కానీ పరీక్షలు రాసినందుకు కమీషన్లు ముట్టే చోట వాటన్నిటికీ భయమే కారణమంటే నమ్మడం కష్టం.

తార్నాక చుట్టుపక్కల

ఈ మూడు వాదాలను పక్కపక్కన పెట్టి చూడాలంటే రకరకాల ఆసుపత్రులకు అన్వయించడం మేలు. ఆర్టీసీ, రైల్వే ఆసుపత్రుల్లో రోగి ఉద్యోగి, ఆసుపత్రి యజమానిది. డబ్బు అడగరు, మందులు ఇస్తారు, ఏళ్ల తరబడి ఒకే చోటికి రావడం వల్ల పరిచయం ఉంటుంది గనుక తృప్తి కొలమానాల్లో ఇవి మంచి మార్కులే తెచ్చుకోవాలి. కానీ ఇక్కడ డాక్టరుకు రెండు పాత్రలు. కండక్టరు నడుంనొప్పికి మాత్ర రాసేదీ, సిక్ సెలవుకు సంతకం పెట్టేదీ, డ్రైవరు చూపును పరీక్షించి "అన్‌ఫిట్" అని రాయగలిగేదీ ఒకే వ్యవస్థ. వర్ణాంధత్వం కారణంగా అన్‌ఫిట్ అయిన డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం కోసం వెతకాల్సిన బాధ్యత సంస్థదేనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే ఆ సంతకం ఎంత బరువైనదో ఊహించవచ్చు. చూపు మందగిస్తున్న సంగతి డ్రైవరు తన డాక్టరుకు చెప్పుకుంటాడా, దాస్తాడా అన్నదే ఇక్కడ నమ్మకానికి అసలు పరీక్ష. ఏ తృప్తి ప్రశ్నావళిలోనూ ఆ ప్రశ్న ఉండదు.

గాంధీ వంటి బోధనాసుపత్రిలో తలకిందులు. నిరీక్షణ, రద్దీ, మరుగుదొడ్లు, చీటికీమాటికీ చేయి చాచే కిందిస్థాయి సిబ్బంది, వీటిలో దేన్ని అడిగినా రోగి నిట్టూరుస్తాడు. అయినా పాముకాటుకు, కాలిన గాయాలకు, ప్రైవేటులో చేతులెత్తేసిన కేసుకు జనం అక్కడికే పరుగెత్తుతారు. పెద్ద డాక్టర్లు ఉంటారు, డబ్బు కోసం లేని జబ్బు అంటగట్టరు అన్న నమ్మకం దానికి కారణం. కార్పొరేట్ ఆసుపత్రిలో ఏసీ గది, మర్యాద, వేళకు నర్సు అన్నీ ఉండి తృప్తి నిండుగా ఉన్నా, ఈ స్టెంటు నిజంగా అవసరమా అన్న అనుమానంతో రిపోర్టులు పట్టుకుని రెండో డాక్టరు దగ్గరికి వెళ్లే కుటుంబాలకు కొదవ లేదు. సామర్థ్యం మీద నమ్మకం, ఉద్దేశం మీద అపనమ్మకం. హాల్ బృందం విడదీసిన కోణాలు ఇలా చెరో ఆసుపత్రికి పంచుకుపోవడం ఈ నగరపు ప్రత్యేకత. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ప్రసవాలు మినహా ఆసుపత్రుల్లో చేరినవారిలో 42 శాతం ప్రభుత్వ ఆసుపత్రులకు, 55 శాతం ప్రైవేటుకు వెళ్లారు. ఆ 55 శాతాన్ని ప్రైవేటు మీది నమ్మకంగా చదవడం తొందరపాటు.

ప్రసవాల లెక్కలు

అంకెలు ఎక్కువ చెప్పేది ప్రసవాల విషయంలో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవాలు 2015-16లో 30.5 శాతం ఉండగా 2019-21 నాటికి 49.7 శాతానికి పెరిగాయి. ఈ మధ్యలో, 2017 జూన్‌లో, కేసీఆర్ కిట్ పథకం వచ్చింది: మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలు, బిడ్డకు కావలసిన సామాను. పెరుగుదలను పథకం ఘనతగా ప్రభుత్వం, డబ్బు ఆశగా విమర్శకులు వ్యాఖ్యానించారు. రెండు వ్యాఖ్యానాల్లోనూ నమ్మకానికి చోటు లేకపోవడం గమనించదగినది. డబ్బు కోసం వచ్చిన తల్లి రెండో కాన్పుకు, కిట్టు ఉన్నా లేకున్నా, మళ్లీ అక్కడికే వస్తే దాన్ని నమ్మకం అనవచ్చు. ఆ కోణంలో అడిగితే తప్ప తెలియదు.

అదే సర్వేలో మరో అంకె ఇంకా ఇబ్బందికరమైనది. తెలంగాణ ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైతం 44.5 శాతం. జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటాక మరణాలు తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఇన్ని సిజేరియన్లలో ఆసుపత్రి ఆదాయం పాత్ర ఎంతో, పంతులుగారు పెట్టిన ముహూర్తం పాత్ర ఎంతో, నొప్పి భయం ఎంతో విడదీయడం సులభం కాదు. తాము కోరుకున్న వేళకు, కోరుకున్నట్టే బిడ్డ చేతికి వచ్చిన కుటుంబం తృప్తిగానే ఉంటుంది. అవసరం లేని శస్త్రచికిత్సతో కూడా పూర్తి తృప్తి సాధ్యమని తెలుగునాట ఇంతకంటే పెద్ద ఆధారం దొరకదు. 2017 నుంచి తెలంగాణలో తయారుచేస్తున్న మిడ్‌వైఫ్‌లు, అంటే సహజ ప్రసవం చేయించడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు, నొప్పులు పడుతున్నంతసేపూ తల్లి పక్కనే ఉండే పద్ధతిని తెచ్చారు. సమయం ఇస్తే నమ్మకం పెరుగుతుందన్న ప్రతిపాదనను పరీక్షించడానికి ఇది చేతికందిన అవకాశం.

నమ్మకం తెగిన చోట

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే వైద్య సిబ్బంది మీద దాడుల నిరోధానికి చట్టం చేసింది. అయినా దాడులు ఆగలేదు. 2020 జూన్‌లో, కొవిడ్ కోసమే ప్రత్యేకించిన గాంధీ ఆసుపత్రిలో, రోగి మరణం తరువాత బంధువులు జూనియర్ డాక్టరు మీద చేయి చేసుకోవడంతో జూడాలు, అంటే జూనియర్ డాక్టర్లు, రోడ్డెక్కారు. వారి డిమాండ్లలో భద్రతతో పాటు, రోగులందరినీ ఒకే ఆసుపత్రిలో కుక్కకుండా జిల్లాలకు పంచాలన్నదీ ఉంది. రోగుల అసంతృప్తికి ఏది కారణమో జూడాల ఆగ్రహానికీ అదే కారణం. సీనియర్లు తీసుకున్న నిర్ణయాన్ని, ప్రభుత్వం నింపని ఖాళీలను, దొరకని వెంటిలేటరును అర్ధరాత్రి రెండింటికి బంధువులకు వివరించాల్సిన బాధ్యత ఇరవై ఆరేళ్ల పీజీ విద్యార్థి మీద పడుతోంది. మాట్లాడే నైపుణ్యంలో శిక్షణ ఇవ్వాలని తృప్తివాదులు, సిబ్బందిని నింపాలని గిల్సన్ వర్గం, ఫిర్యాదుకు సక్రమమైన దారి ఉంటే చేయి లేవదని హక్కులవాదులు సూచిస్తారు. మొదటిది చవక గనుక ఎక్కువగా అమలవుతోంది.

తేలని సంగతులు

నమ్మకం తృప్తికి కారణమా, తృప్తి నమ్మకానికి కారణమా అన్నది ఒకేసారి అడిగే సర్వేలతో తేలదు. అదే రోగిని చేరకముందు, చేరాక, ఇంటికెళ్లిన కొన్ని నెలలకు అడగాలి. స్కేళ్లన్నీ "వైద్యుడు" చుట్టూ అల్లుకున్నవి. రోజంతా రోగి పక్కన ఉండే నర్సు, బెడ్‌పాన్ తీసే ఆయమ్మ వాటిలో కనిపించరు. మన ఆసుపత్రుల్లో నిర్ణయాలు చాలావరకు తీసుకునేది అటెండెంటుగా వచ్చిన కొడుకో అల్లుడో కాగా, ప్రశ్న మాత్రం మంచం మీదివారికే వేస్తున్నారు. ఆరోగ్యశ్రీ రోగి నమ్ముతున్నది డాక్టరునా, ఆసుపత్రినా, కార్డునా? బకాయిలు అందలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపేస్తామని ప్రకటించిన ప్రతిసారీ ఈ ప్రశ్న తలెత్తుతుంది గాని, ఆ రోజుల్లో ఎవరి మీద నమ్మకం తగ్గిందని అడిగే కొలమానం వాడుకలో లేదు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఎవరిని అడగాలన్నది. డిశ్చార్జి వేళ అడిగితే దొరికేది చివరిదాకా ఉన్నవారు మాత్రమే. డాక్టర్ల సలహాకు విరుద్ధంగా సంతకం పెట్టి వెళ్లిపోయినవారిని ఆసుపత్రి రికార్డుల్లో "లామా" అని రాస్తారు. చెప్పకుండా వెళ్లిపోయినవారికి ఇంకో మాట ఉంది. డబ్బు చాలక వెళ్లారో, నమ్మకం చాలక వెళ్లారో, చనిపోతే ఇంట్లోనే పోవాలని వెళ్లారో ఆ రిజిస్టరు చెప్పదు. వీరిని ఇళ్లకు వెళ్లి అడిగి, ఆ జవాబులను డిశ్చార్జి కాగితాల జవాబుల పక్కన చేర్చేదాకా, ఏ ఆసుపత్రి ప్రకటించిన తృప్తి శాతమైనా అక్కడ ఉండిపోయినవారి శాతమే అవుతుంది.